సీనప్ప లారీకి మూతి

మామిడి మండీలు తెరిచే వేళకు సీనప్ప తన లారీకి మూతి పెట్టించాడు.

అంతకుముందు దానికి మూతి లేదు. మన రోడ్ల మీద తిరిగే చాలా లారీల్లాగే దాని ముఖం గోడలా చదునుగా ఉండేది. ఇంజను లోపలే, డ్రైవరు సీటు పక్కన రేకు పెట్టె కింద ఉండేది. ఫోనులో అమెరికా లారీలు చూడడం మొదలుపెట్టాక సీనప్పకు ఆ ముఖం మీద మనసు విరిగిపోయింది. అక్కడి లారీలకు ముందు గజం పొడుగు మూతి, దానికి జల్లెడలా మెరిసే గ్రిల్లు, రెండు పక్కలా నిటారుగా పొగగొట్టాలు. "మొగోడి బండంటే ఇదీ" అని, భార్య నాగరత్న సంగటి ముద్ద పెడుతుంటే ఫోను ఆమె ముఖం ముందు ఆడించేవాడు. నాగరత్న బి.ఏ. చదివింది. తన కంచంలోంచి ఓ ముద్ద నోట్లో వేసుకుని "బాగుండాది" అనేది. ఆ మాట ముద్ద గురించో మూతి గురించో సీనప్ప ఎన్నడూ అడగలేదు.

ఆండర్సన్‌పేట జేవియర్ ఒకప్పుడు బంగారు గని వర్క్‌షాపులో ఫిట్టరు. గనులు మూతపడ్డాక లారీలకు కేబిన్లు కడుతున్నాడు. సీనప్ప కోరిక విని తల గోక్కున్నాడు.

"సీనప్పన్నా, ఇంజను సీటు పక్కనే ఉండాది గదా. ఈ మూతిలో ఏం పెట్టేది?"

"ఏం పెట్టొద్దు. మూతి ఉంటే చాలు."

"ఖాళీగానా?"

"ఖాళీగానే. బయటినుంచి తెలుస్తాదా ఏమి?"

లోపల ఏమీ లేకుండా ముందుకు పొడుచుకొచ్చే మూతి నాగరత్నకు కొత్త కాదు. పెళ్ళయినప్పటినుంచి దానికి మూడు పూటలా వడ్డిస్తూనే ఉంది.

ఆదివారం చర్చి ముగిశాక జేవియర్ కొడుకు క్లెమెంట్ ఆ వింత చూడ్డానికి సీనప్ప ఇంటికి వచ్చాడు. క్లెమెంట్ రోజూ రైలెక్కి బెంగళూరు వెళ్ళి ఒక కంపెనీలో పనిచేస్తాడు. యూరప్‌లో లారీలు చేసే వాళ్ళెవరో ఆ కంపెనీని ఒక ప్రశ్న అడిగారు: తమ చదును ముఖం లారీలను అమెరికా డ్రైవర్లు కొంటారా, కొనరా? క్లెమెంట్ లారీ ఎక్కి ఎరగడు, అమెరికా చూసి ఎరగడు. జవాబు రాసే పని అతనికే ఇచ్చారు.

"అంకుల్, మీరు రివర్సులో పోతాండారే! ఇంగ కొన్నేండ్లలో అమెరికా అంతా చదును లారీలే. మలుపు తిప్పేది ఈజీ. ముందర ఏముండాదో బాగా కనిపిస్తాది."

"అమెరికావోడు మూతి కోసుకుంటాడా? నిన్ను మీసం తీసెయ్యమంటే తీస్తావా?"

"నాకు మీసం లేదే అంకుల్."

"అందుకే నీకు తెలీదు."

కాఫీ తెచ్చిన నాగరత్న గోడకు ఆనుకుని నిలబడింది. "క్లెమెంటూ, ఆ దేశంలో లారీ పొడుగు ఎట్ల కొలుస్తారప్పా?"

"పెద్ద రోడ్లలో వెనకుండే ట్రైలర్‌కే కొలత ఆంటీ. ముందర మూతి ఎంతుండినా అడిగేవాడు లేడు."

"యూరప్‌లో?"

"ఆడ మూతి నుంచి తోక దాకా అంతా లెక్కే."

"అయితే యూరప్‌వోళ్ళు సరుక్కి చోటు కావాలని మూతి తీసేసినారు. ఊరికే వచ్చే మూతిని అమెరికావోడు ఎందుకు వదులుకుంటాడు?"

క్లెమెంట్ ఆ మాట గబగబా ఫోనులో రాసుకున్నాడు. భార్య తన పక్షం మాట్లాడిందని సీనప్ప ఉప్పొంగిపోయాడు. మరి మనం లోడెత్తే శ్రీనివాసపురం మండీలో ఎట్ల కొలుస్తారు అని కూడా ఆమె అడగబోయింది. ఆ పొంగును అప్పుడే చల్లార్చడమెందుకని ఊరుకుంది.

అయినా ఆమెకు బెంగ లేకపోలేదు. కిందటేడు మామిడి కాలమంతా లోడు దొరక్క లారీ ఇంటి ముందే నిలబడింది. దాని కింద వీధి కుక్క ఈనింది, పిల్లలు పెద్దవై ఎవరి దారిన అవి వెళ్ళాయి, లారీ మాత్రం కదల్లేదు. ఈ ఏడు మండీ యజమాని ఆంజినప్ప ఒక మాట ఇచ్చాడు: మొదటి లోడు చెప్పిన పొద్దుకు ఎక్కించుకుని పోతే, కాలమంతా అతని కాయల లోడ్లన్నీ సీనప్పవే. లేకపోతే ఆవులప్ప లారీ ఉండనే ఉంది. అందుకే లోడు రోజున నాగరత్న ఊరగాయకు కాయలు ఏరుకోవాలని చెప్పి తానూ లారీ ఎక్కింది.

దారిలో ఇంజను కుతకుతలాడింది. రేడియేటరుకు తగలాల్సిన గాలిని కొత్త మూతి తానే మింగేస్తోంది. సుగటూరు దగ్గర ఆపి నీళ్ళు పోస్తూ సీనప్ప, "పెద్ద బండ్లు ఇట్లనే వేడెక్కుతాయి" అన్నాడు. రేకు పెట్టె పక్కన కాలు కాలుతున్న నాగరత్న, "అవునవును, హోదా కదా" అంది.

ఆంజినప్ప మండీ గేటు ఇరుకు సందులో ఉంది. లారీ సందుకు అడ్డంగా తిరిగి వెనక్కి వెనక్కి లోపలికి పోవాలి. ఆ పని సీనప్ప కళ్ళు మూసుకుని చేయగలడు. ఈరోజు కళ్ళు రెండూ తెరిచి చేసినా మూతి కొస కనిపించలేదు. వెనకభాగం గేటు చేరకముందే ముందుభాగం తిరిగి, ఎదురుగా పోసిన తోతాపురి కాయల రాశిలోకి మూతి కూరుకుపోయింది. హమాలీలు ఈలలు వేశారు.

ఆంజినప్ప పంచె ఎగగట్టి వచ్చాడు. "ఏంది సీనప్పా, లారీకి గంగిరెద్దు వేషం ఏసినావా?"

"అమెరికా మోడలన్నా."

"అట్లయితే అమెరికా కాయలు ఎత్తుకో పో. మూతి తీసి లోపలికి వస్తావా, ఆవులప్పను పిలిచేదా? ఆడ్నే బీడీ తాగతా ఉండాడు."

"మూతి తీసేది లేదు" అన్నాడు సీనప్ప. స్టీరింగు మీద రెండు చేతులూ ఆనించి, రాజ్యం పోయినా సరే అన్నట్టు కూర్చున్నాడు. ఆవులప్ప బీడీ పారేసి తన లారీ వైపు నడిచాడు.

నాగరత్న కిటికీలోంచి తల బయటపెట్టింది. "ఆంజినప్పన్నా, తీసేది కాదు. మూతి బాగా వేడెక్కుండాది. చల్లారేదాకా కిందికి దింపి నీడన పెట్టిస్తాము. అమెరికాలోనూ అట్లనే చేస్తారంట."

ఖాళీ రేకు డబ్బాకు వేడేమిటని ఆంజినప్ప అడగబోయాడు. ఆమె ముఖం చూసి నోరు మూసుకున్నాడు. సీనప్ప మాత్రం ఆ మాటను రెండు చేతులా పట్టుకున్నాడు. "అవునన్నా, కూలింగ్! కూలింగ్‌కి పెట్టల్ల."

హమాలీలు బోల్టులు విప్పి మూతిని మోసుకెళ్ళి వేపచెట్టు కింద బోర్లించారు. లారీ ఒక్క దెబ్బకు గేటులోకి పోయింది. ఆవులప్ప ఇంకో బీడీ వెలిగించుకున్నాడు. కాయల పెట్టెలు ఎక్కుతుండగా ఒక మేక మూతిలో తల దూర్చి, లోపల ఏమీ లేదని తెలుసుకుని వెళ్ళిపోయింది.

అప్పుడే సీనప్ప ఫోను మోగింది. క్లెమెంట్.

"అంకుల్, రిపోర్టు పంపేస్తాండా. ఒకే ఒక డౌటు. కష్టమొస్తే డ్రైవరు మూతి వదులుకుంటాడా?"

సీనప్ప వేపచెట్టుకు వీపు తిప్పి నిలబడ్డాడు. "రాసుకో. లోడు పోయినా వదలడు. ప్రాణం పోయినా వదలడు. నిఖార్సయిన డ్రైవరు మూతి మీద చెయ్యి వెయ్యనీడు!"

ఆంజినప్పకు నవ్వు గొంతు దాకా వచ్చింది. నాగరత్న కళ్ళతోనే వద్దన్నది. సగం లోడు ఇంకా ఎక్కాల్సి ఉంది.