బూట్లు ముట్టినట్టు సంతకం

మా బడిని మూయించింది నా బావమరిది. ప్రభుత్వం మూసిందంటారు, పైనుంచి ఉత్తర్వు వచ్చిందంటారు. ఉత్తర్వుకి కాళ్లుండవు. దాన్ని నా ఇంటిదాకా మోసుకొచ్చినవాడు నా భార్య తోడబుట్టినవాడు.

నేను ఆ బడిలో ముప్పై ఒక్క ఏళ్లు అటెండరుగా చేశాను. ఏడో తరగతి వరకు చదివిందీ అక్కడే, తర్వాత గంట కొట్టిందీ అక్కడే. గంటంటే వరండా దూలానికి వేలాడే రైలుపట్టా ముక్క, ఒక ఇనుప కడ్డీ. మిగతా వేళల్లో కాగితాలు మోసేవాణ్ణి. టీచర్ల దగ్గరికి, తల్లిదండ్రుల దగ్గరికి తీసుకెళ్లి, సంతకం ఎక్కడ పెట్టాలో వేలు పెట్టి చూపించేవాణ్ణి. చదవకుండా పెట్టబోతే చదవమనేవాణ్ణి. ఆ విషయంలో నాకు మొండివాడనే పేరుంది.

ఆ ఏడు సైన్యం వాళ్లు మూతపడ్డ నూలు మిల్లులో కుర్రకారు కోసం అకాడమీ పెట్టారు. చదువు, కవాతు, తిండి, బట్టలు అన్నీ అక్కడే. నడిపేది సైన్యం, డబ్బు విద్యాశాఖది. అంటే బడులకు రావలసినదే. పిల్ల ఏ జాబితాలో ఉంటే డబ్బు అక్కడికి పోతుంది. మా పైతరగతులు మూడింటిలో కలిపి ముప్పై మంది ఉంటే అవి నిలుస్తాయి. ఇరవై తొమ్మిదైతే పోతాయి, వాటితో బడీ పోయినట్టే. మా దగ్గర ముప్పై ముగ్గురున్నారు.

నా బావమరిది సైన్యం నుంచి వచ్చేసి ఆ అకాడమీలో డ్రిల్ మాస్టారుగా కుదిరాడు. మా పిల్లలు వాడికి లెఫ్ట్‌రైట్ అని పేరు పెట్టారు. చిన్నప్పుడు వాణ్ణి మా బడికి చెయ్యి పట్టుకుని తీసుకొచ్చింది వాళ్ల అక్కే. వాడు ఏడుపు మానేదాకా కిటికీ బయట నిలబడేది. ఆవిడ పోయి అప్పటికి రెండేళ్లు. నాకు మిగిలింది ఒక్క కూతురు. పదో తరగతి. తల్లి పిచ్చుక అని పిలిచేది, నేనూ అలాగే పిలిచేవాణ్ణి.

తనిఖీకి నాలుగు రోజుల ముందు వాడు ఒక అట్టపెట్టెతో ఇంటికొచ్చాడు. గుమ్మంలో పిచ్చుక చెప్పులు చూశాడు. తెగిన పట్టీకి నేను పురికొస కట్టి ఉంచాను.

"ఏంటి బావా, చెప్పుకి పలుపు కట్టావ్? పారిపోతుందనా?"

"నీ పని చూసుకోరా."

"ఇదే నా పని. బూట్లు ఊరికే ఇస్తున్నారు. మేనకోడలికి ఒక జత తెచ్చా. తప్పా?"

"అకాడమీలో చేరాలంటారేమో."

"చేరక్కర్లేదు, ఏం లేదు. ముట్టినట్టు సంతకం పెట్టు, చాలు."

పిచ్చుక అప్పటికే ఒక కాలు తొడిగేసింది. ఆ ముఖం చూశాను. తల్లి పోయాక కొత్త వస్తువు ఆ ఇంట్లోకి రావడం అదే మొదటిసారి. వాడు కాగితం మడత పెట్టి, కింది భాగం నా ముందుంచి, వేలు పెట్టి చూపించాడు.

"ఇక్కడ బావా."

నేను పెట్టాను. మడత విప్పలేదు.

తనిఖీ రోజు పొద్దున్నే వాడు వ్యానుతో బడికి వచ్చాడు. మా పిల్లల్లో వాడిచ్చిన బూట్లు బిగుతైన నలుగురిని ఎక్కించుకున్నాడు. అందులో పిచ్చుక ఒకతె. సైజు మార్చడానికి అదే ఆఖరి రోజన్నాడు.

"ఈరోజు వద్దురా. రెండో గంటకి తలలు లెక్కపెడతారు."

"అరగంటలో దింపేస్తా."

"నలుగురు పోతే మేం ఇరవై తొమ్మిదే."

"అక్క మీద ఒట్టు బావా. ఇంకేం కావాలి?"

ఆ ఒట్టు తర్వాత నేను ఇంకేమీ అడగలేదు.

తొమ్మిదిన్నరకి రెండో గంట. ఆ గంట మోగినప్పుడు గదుల్లో ఉన్న తలలే లెక్క. తొమ్మిదీ ఇరవైకి తనిఖీ అధికారి వరండాలో కుర్చీ వేయించుకున్నాడు. నేను గేటు వైపు చూశాను. రోడ్డు ఖాళీ. ఇరవై ఐదు. ఖాళీ. ఇరవై ఎనిమిదికి కడ్డీని మంచినీళ్ల డ్రమ్ము వెనక జారవిడిచాను.

"గంట కొట్టవయ్యా," అన్నాడు అధికారి.

"కడ్డీ కనబడటం లేదండి."

"మీ బడిలో కడ్డీ కూడా అకాడమీలో చేరిందా?"

హెడ్ టీచరమ్మ కడ్డీని చూసింది. నన్ను చూసింది. వెళ్లి డ్రమ్ముకి ఆనుకుని నిలబడింది.

"వెతకవయ్యా సరిగ్గా. నిన్న స్టోరు గదిలో పెట్టావేమో," అంది గట్టిగా.

నేను స్టోరు గది తలుపు తీశాను, వేశాను, మళ్లీ తీశాను. తొమ్మిదీ ముప్పై నాలుగు. అధికారి లేచి వాచీ చూసుకున్నాడు. "ఇంకో నిమిషం చూసి నేనే రాయితో కొడతా," అన్నాడు.

అప్పుడు గేటు తోసుకుని పిచ్చుక పరుగెత్తుకొచ్చింది. వ్యానులో తొడిగించిన అకాడమీ చొక్కా, చేతిలో బూట్లు, ఉత్త కాళ్లు. రెండు మడమలూ నెత్తురు.

"మామయ్య ఆపలేదు నాన్నా. మధ్యాహ్నం పన్నెండింటిదాకా ఎవర్నీ వదలనన్నాడు. మలుపు దగ్గర వ్యాను నెమ్మదిస్తే దూకేశా."

"లోపలికి పో."

డ్రమ్ము వెనక చెయ్యి పెట్టి కడ్డీ తీసి కొట్టాను. అధికారి నవ్వలేదు, కోప్పడలేదు. గదులు తిరిగి లెక్కపెట్టాడు. ముప్పై. హెడ్ టీచరమ్మ గోడకి చెయ్యి ఆనించి నిలబడింది.

తర్వాత అతను సంచీలోంచి అకాడమీ పంపిన జాబితా తీశాడు. అందులో పిచ్చుక పేరుంది. పేరు వెనకాల జతచేసిన కాగితం ఉంది. ఇప్పుడది మడత లేకుండా ఉంది. పై సగంలో ప్రవేశపత్రం అని పెద్ద అక్షరాలు. కింద బూట్లు ఒక జత, చొక్కాలు రెండు. దాని కింద నా సంతకం.

"ఇది నీదేనా?" అన్నాడు.

"నాదే."

"ఒక పిల్లని రెండు చోట్ల లెక్కవెయ్యలేనయ్యా."

హెడ్ టీచరమ్మ నా వైపు తిరిగింది. "నువ్వా? చదవకుండా పెట్టావా? ఊరందరికీ చెప్పేవాడివి!"

అధికారి చెడ్డవాడు కాదు. రద్దు కాగితం ఒకటి రాసిచ్చాడు. తండ్రి సంతకం, అకాడమీలో చేర్చుకున్న మనిషి సంతకం, అంటే నా బావమరిదిది, రెండూ కావాలి. పన్నెండుకి రిజిస్టరు మూసేస్తానన్నాడు. నేను అక్కడే నా సంతకం పెట్టి సైకిలెక్కాను. మిల్లు ఆరు మైళ్లు. దారంతా ఎదురుగాలి. గేటు కాపలావాళ్లు నా జేబులు తడిమి, లోపల ఎవర్నో అడిగి వచ్చేసరికి చాలాసేపు పోయింది.

వాడు ఒక చిన్న గదిలో బల్ల ముందు కూర్చుని ఉన్నాడు. గోడకి కొత్త సున్నం వాసన. గడియారం పదకొండూ పది చూపిస్తోంది. కాగితం బల్ల మీద పరిచాను. మడత పెట్టలేదు.

"చదువుకో. చదివి పెట్టు."

వాడు చదివాడు. పెన్ను తియ్యలేదు.

"నాకు నలభై మంది కావాలి బావా. పిచ్చుకతో నలభై. ముప్పై తొమ్మిదైతే రేపట్నుంచి రావద్దంటారు."

"మాకు ముప్పై కావాలి."

"మీ బడి ఈ ఏడు కాకపోతే వచ్చే ఏడు పోతుంది. నా పొట్ట ఎందుకు కొడతావ్? పిల్ల ఇక్కడ మూడు పూటలా తింటుంది. నీ ఇంట్లో తింటోందా?"

"అక్క మీద ఒట్టు వేశావ్."

"అక్కుంటే నాకు ఉద్యోగం ఉండాలనే అనేది."

నేను బతిమాలాను. నా జన్మలో రెండుసార్లే ఒకరిని బతిమాలాను. నా భార్య ప్రాణం కోసం డాక్టరుని ఒకసారి, ఆరోజు వాణ్ణి ఒకసారి. కాగితం మీద సంతకం చోట వేలు పెట్టాను. ఇక్కడరా, అన్నాను. వాడు నా వేలు వైపు చూస్తూ కూర్చున్నాడు. గడియారం పదకొండున్నర దాటింది. వాడు లేచి, కవాతుకి వేళైందని, టోపీ పెట్టుకుని బయటికి వెళ్లిపోయాడు. నా వేలు ఇంకా కాగితం మీదే ఉంది.

నేను బడికి చేరేసరికి పన్నెండూ ఇరవై. అధికారి పావుగంట ఎక్కువే ఆగాడట. రిజిస్టరు ఇరవై తొమ్మిదితో మూసి ఉంది. మధ్యాహ్నం గంట హెడ్ టీచరమ్మ కొట్టిందట. ముప్పై ఒక్క ఏళ్ల నా ఉద్యోగంలో వేరే చెయ్యి ఆ గంట కొట్టడం అదొక్కసారే.

వేసవిలో అకాడమీ లారీ వచ్చి మా పైతరగతుల బల్లలు, సైన్సు బీరువా, మ్యాపులు తీసుకెళ్లింది. ఎక్కించింది నేనే. అది నా ఉద్యోగం. ముట్టినట్టు సంతకం పెట్టడానికి వచ్చింది వాడు. కాగితం చాపాను కానీ చోటు చూపించలేదు. వాడే వెతుక్కున్నాడు.

పిచ్చుకని అకాడమీకి పంపలేదు. రోజూ రెండు బస్సులు మార్చి వేరే ఊళ్లో చదివింది. ఆ బూట్లు నేను మర్నాడే మిల్లు గేటు మీంచి లోపలికి విసిరాను. మడమల మీద మచ్చలు మాత్రం ఉండిపోయాయి. ఇప్పుడు తనకే పిల్లలున్నారు.

పోయిన వారం తను వచ్చి కూర్చుంది. మామయ్య ఆస్పత్రిలో ఉన్నాడట, లేవలేడట, నన్ను చూడాలంటున్నాడట.

"నేను ఎప్పుడో వదిలేశాను నాన్నా. నువ్వూ వదిలెయ్."

"నేను రాను."

"చదవకుండా సంతకం పెట్టింది నువ్వేగా. ఆయన్ని ఒక్కణ్ణే ఎన్నాళ్లు అంటావ్?"

ఇన్నేళ్లలో తను ఆ మాట అనడం అదే మొదలు. అన్నాక నా చెయ్యి పట్టుకోబోయింది. నేను లేచి వెళ్లి కుండలో నీళ్లు నింపాను.

సంతకం నాదే. కాదని నేను ఏనాడూ అనలేదు. మడత పెట్టింది వాడు. ఒట్టు వేసింది వాడు. అక్క పేరు నోట పెట్టుకుని నన్ను నమ్మించింది వాడు. ఆస్పత్రికి వెళ్లను. వాడు పోయినా వెళ్లను. పిచ్చుకకి ఈ మాట చెప్పేశాను, ఇప్పుడు రాసిపెట్టాను కూడా. ఈ సంగతి ఇక నన్నెవరూ అడగొద్దు. అడిగినా నేను నోరు విప్పను.