బాలస్వామి చలానా పుస్తకం

బాలస్వామి జేబులో చలానా పుస్తకం కనబడితే చాలు, రేపల్లె స్టేషన్ రోడ్డు కొట్లవాళ్ళు ఉలిక్కిపడి లేచేవారు. మున్సిపాలిటీలో శానిటరీ ఇన్‌స్పెక్టరుగా ఇరవై రెండేళ్ళు ఆయన వెలగబెట్టిందంతా ఆ పుస్తకం చలవే. మనిషి పీలగా ఉంటాడు, గొంతుకి మాత్రం మైకు అక్కర్లేదు.

ఇంతలో రాష్ట్రంలో కొత్త చట్టం వచ్చింది. ఇకమీదట ఇన్‌స్పెక్టర్లు రోడ్డు మీద నిలబడి జరిమానా రాయకూడదట. ముందు నోటీసు ఇవ్వాలి, ఏడు రోజులు ఆగాలి, అప్పటికీ మారకపోతే పైకి రాయాలి. జరిమానా వేస్తే బాపట్లలో కూర్చున్న అధికారి వేస్తాడు. ఆఫీసులో పుస్తకం వెనక్కి తీసుకున్న రోజు బాలస్వామికి అన్నం సయించలేదు. ఈ సంగతి బయటికి పొక్కితే తనని లెక్కచేసే నాథుడుండడు. భార్య హెలెన్‌కి కూడా చెప్పకుండా, జేబు బోసిపోకుండా పాత డైరీ ఒకటి పెట్టుకుని తిరిగాడు.

శనివారం మాణిక్యమ్మ టిఫిన్ హోటలు ముందు సైడు కాలవ నిండా విస్తరాకులే. బాలస్వామి అలవాటు కొద్దీ జేబు తట్టాడు.

"రాసేస్తారా సార్?" అంది మాణిక్యమ్మ బెదురుగా, గరిటె కింద పెట్టి.

"ఈసారికి నోటీసుతో పోనిస్తున్నా" అని నాలుగు మడతల కాగితం ఆమె చేతిలో పెట్టి, కలెక్టరుగారిలా నడిచి వెళ్ళిపోయాడు.

ఆదివారం లూథరన్ గుడిలో ప్రార్థన మనవులు చీటీల మీద రాసి పెట్టెలో వేస్తారు. చీటీ పైన 'రహస్యం' అని ఉంటే పాస్టరు అయ్యగారు మనసులోనే ప్రార్థిస్తారు. లేకపోతే పైకి చదువుతారు. బాలస్వామి శుక్రవారం రాత్రే తన చీటీలో ఆ మాట రెండుసార్లు రాసి మరీ మడిచి జేబులో పెట్టుకున్నాడు. ఇప్పుడు జేబులోంచి కాగితం తీసి పెట్టెలో వేశాడు.

అయ్యగారు జ్వరాలకీ పరీక్షలకీ ప్రార్థించి, ఇంకో చీటీ విప్పారు.

"కాలవలో విస్తరాకులు వేయరాదు. ఏడు రోజులలో మానుకొనవలెను. లేనిచో పై అధికారులకు వ్రాయబడును."

అయ్యగారు కళ్ళజోడు సవరించుకున్నారు. ఎందుకైనా మంచిదని సంఘమంతా "ఆమేన్" అంది.

బాలస్వామి జేబు తడుముకున్నాడు. నోటీసు ఇక్కడుంటే ప్రార్థన చీటీ మాణిక్యమ్మ దగ్గరున్నట్టే. "ప్రభువా, నా జరిమానా అధికారం పోయింది, ఈ సంగతి ఊళ్ళో ఎవరికీ తెలియనీయకు" అని రాసిన చీటీ అది. ఆఖరి కీర్తన కూడా ఆగకుండా హోటలుకి పరుగెత్తాడు.

కాలవ అద్దంలా ఉంది.

"రా అన్నయ్యా, కూర్చో" అంది మాణిక్యమ్మ.

ఇరవై రెండేళ్ళుగా సార్ అన్న మనిషి! ఆ పిలుపు బాలస్వామికి చెంపదెబ్బ తగిలినట్టే అనిపించింది.

"చదివావా?"

"దేవుడికి రాసింది కదా, నేను చదవకూడదు. ఆ సంగతి సగం చదివాక తెలిసింది."

"ఆపేశావా మరి?"

"సగం ఎలాగూ చదివేశానని మిగతాదీ చదివేశా."

"ఎవరికన్నా చెప్పావా?" అటూ ఇటూ చూస్తూ అడిగాడు ఆయన.

"ఎందుకు చెప్తాను? నీ జరిమానాలకి నేనేనాడూ మారలేదన్నయ్యా. నువ్వటు వెళ్ళగానే మళ్ళీ వేసేదాన్ని. నిన్న ఆ చీటీ చూశాక పాపం అనిపించింది. దగ్గరుండి కాలవలో చెత్తంతా ఎత్తించేశా." ఆవిడ ఎదురు టీకొట్టు వైపు చూసి గొంతు తగ్గించింది. "అదుగో, కిరీటి చూస్తున్నాడు. నన్నో నాలుగు కేకలెయ్యి, వాడు కూడా దారికొస్తాడు."

బాలస్వామి లేచి నిలబడ్డాడు. ఒక్క ఆకు కూడా లేని కాలవని చూపిస్తూ, "ఏంటమ్మా ఈ చెత్త!" అని రోడ్డంతా దద్దరిల్లేలా అరిచాడు.

"తప్పయిపోయింది సార్" అంది మాణిక్యమ్మ తల వంచుకుని. ఎదర కిరీటి పేపరు కప్పులు గబగబా బుట్టలోకి ఏరుకున్నాడు.

ఆ 'సార్' వినగానే బాలస్వామికి మొదటిసారి సిగ్గేసింది. మెల్లగా బల్ల మీద కూలబడ్డాడు.

"అన్నయ్యా అనే పిలువమ్మా" అన్నాడు.