ఉమక్క రాసిన బరువు

ఎదుటి మనిషిని బరువెంతని అడగడం జితేందర్‌కి ఏనాడూ చేతకాలేదు. ఆడవాళ్ళ వయసు, మగవాళ్ళ జీతం అడగకూడదని చెప్పి మన పెద్దలు చేతులు దులుపుకున్నారు గానీ, బరువు సంగతి తేల్చలేదు. పాపం, వాళ్ళకేం తెలుసు! అమెరికాలో ఎడిసన్ అనే ఊళ్ళో ఒక తెలుగువాడు ఇంటి గరాజ్‌లో కూర్చుని మంచు మీద జారే బోర్డులు చేస్తాడనీ, అందుకు అన్నిటికన్నా ముందు కావలసింది మనిషి బరువేననీ వాళ్ళు కలగన్నారా?

అతను చేసేది మామూలు స్నోబోర్డు కాదు. కుర్రకారు కొండ మీద అడ్డంగా గీరుకుంటూ దిగే రకం వేరు. ఇది కార్వింగ్ బోర్డు. సన్నగా, పొడుగ్గా ఉంటుంది. పక్కకి ఒరిగి, అంచు మీద నిలబడి, గట్టి మంచులో ఒకే ఒక సన్నని గీత కోసుకుంటూ పోతుంది. ఎక్కిన మనిషి బరువుకి అది విల్లులా వంగాలి. వంగితేనే మలుపు తిరుగుతుంది. తేలికైన మనిషికి మందపాటి బోర్డు ఇచ్చారా, అది బిగుసుకుపోయి తన దారిన తాను పోతుంది. లోపల పెట్టే చెక్క మందంలో అర మిల్లీమీటరు తేడా చాలు, కొంప మునగడానికి.

నోరు తెరిచి అడగలేక జితేందర్ ఒక ఫారం తయారు చేసుకున్నాడు. పేరు, ఎత్తు, బూటు సైజు, ఏ కాలు ముందు పెడతారు, బరువు. వారమంతా ఒక బ్యాంకు సాఫ్ట్‌వేర్‌తో కుస్తీ, శని ఆదివారాలు గరాజ్. ఆరేళ్ళలో ఇరవై మూడు బోర్డులు చేశాడు, అన్నీ తెలిసినవాళ్ళకే. వాళ్ళలో ఇద్దరు బరువు తగ్గించి రాశారని బోర్డు ఎక్కించాక గానీ తెలియలేదు. ఆ ఇద్దరూ మగవాళ్ళే. ఆ సంగతి గుర్తు రావలసిన చోట గుర్తు రాలేదు.

ఉమ ఫారం నవంబర్‌లో వచ్చింది. ఉమకి నలభై తొమ్మిదేళ్ళు. పక్క ఊరు ఐసెలిన్‌లో ఉంటుంది, ఒక పిల్లల ఆస్పత్రిలో ఫార్మసిస్టు. కొడుకు కాలేజీకి వెళ్ళిపోయాక, తోటివాళ్ళు యోగా క్లాసుల్లో చేరుతుంటే, ఈవిడ పోకనోస్ కొండలకి వెళ్ళి స్నోబోర్డు నేర్చుకుంది. అక్కడ కొండ పైకి మోసుకెళ్ళే లిఫ్టులో ఒకడు గ్లవ్ జారవిడుచుకుని అచ్చ తెలంగాణ యాసలో తిట్టుకుంటుంటే విని పకపకా నవ్వింది. ఆ ఒకడు జితేందర్. అప్పటినుంచి అతనికి ఆమె ఉమక్క. నాకో బోర్డు చేసిపెట్టు అని అడగడానికి ఆమెకి రెండేళ్ళు పట్టింది. మొహమాటం మనిషి.

బరువు దగ్గర ఆమె 112 పౌండ్లు అని రాసింది.

జితేందర్ ఆ అంకె చూసి ముసిముసిగా నవ్వాడు. దీపావళి పార్టీలో పట్టుచీరలో చూసిన ఉమక్క కళ్ళ ముందు మెదిలింది. వంటింట్లో బీన్స్ తరుగుతున్న భార్య రష్మికి ఫోన్ చూపించాడు.

“అక్క జర తగ్గించి రాసినట్టుంది.”

“డౌట్ ఉంటే మల్ల అడుగు,” అంది రష్మి.

“ఎట్లడుగుత? బాగుంటదా? ఆడోళ్ళు గట్లనే రాస్తరు, మనమే అర్థం చేస్కోవాలె.”

అర్థం చేసుకున్నాడు మహానుభావుడు. 112 కొట్టేసి, తన నోట్‌బుక్‌లో 132 వేసుకున్నాడు. ఆ లెక్కకే చెక్క పలకలు చెక్కాడు, ఫైబర్‌గ్లాస్ పరిచాడు, ఎపాక్సీ జిగురు పూసి ప్రెస్‌లో బిగించాడు. పైన ఉమ కోరిన పసుపు రంగు. డిసెంబర్‌లో బోర్డు చూసి ఆమె చిన్నపిల్లలా ఒళ్ళో పెట్టుకుని కూర్చుంది.

జనవరిలో ఒక శనివారం పొద్దున ఇద్దరూ కొండకి వెళ్ళారు. మొదటిసారి దిగగానే ఉమ చెప్పింది: “జితేందర్, ఇది వంగట్లేదు.”

“కొత్తది గదా అక్కా, అలవాటైతది.”

రెండోసారి దిగాక మళ్ళీ చెప్పింది. “నేనెంత తొక్కినా మలుపు పూర్తవట్లేదు. స్టిఫ్‌గా ఉందేమో?”

అప్పుడు నోట్‌బుక్‌లోని అంకె అతని మనసులో కదలకపోలేదు. కదిలింది. కానీ లిఫ్టులో పక్కన కూర్చుని, ఆ మనిషి ముఖం చూస్తూ, నీ బరువు నేనే పెంచానని చెప్పడమెలా? “నువ్వు భయపడుతున్నవక్కా. గట్టిగ తొక్కు, స్పీడ్ తగ్గించకు,” అన్నాడు.

ఆమె అతని మాట నమ్మింది. మూడోసారి స్పీడ్ తగ్గించలేదు. కొండ మధ్యలో, దారి ఎడమకి తిరిగేచోట, ఉమ ఒరిగింది, తొక్కింది, బోర్డు వంగలేదు. తిన్నగా వెళ్ళి అంచున కట్టిన వలలో పడింది. వెనకే వస్తున్న జితేందర్ అంతా చూశాడు. ఉమకి మోకాలి కింద ఎముక రెండు చోట్ల విరిగింది.

ఆస్పత్రిలో ఆమె భర్త రాజగోపాల్ మంచం పక్కన కుర్చీలో కూర్చుని ఉన్నాడు. చెడ్డవాడు కాదు. భయం వేస్తే నోరు పెద్దది చేసే రకం. “యాభై ఏళ్ళొస్తున్నాయి, ఇప్పుడీ సర్కస్ ఎందుకే అంటే విన్నావా?” అన్నాడు. ఉమ నీరసంగా, “బోర్డు వంగలేదండీ,” అంది. “ఆ! ఆడలేక మద్దెల ఓడన్నట్టు! ఇరవై మందికి చేశాడు, వాళ్ళందరికీ వంగింది గానీ నీకే వంగలేదా?” అని రాజగోపాల్ జితేందర్ వైపు తిరిగి, “ఏమనుకోకు నాయనా, నొప్పిలో ఏదో అంటోంది,” అన్నాడు.

జితేందర్ అప్పుడు నోరు విప్పి ఉంటే ఈ కథ ఇక్కడితో అయిపోయేది. అతను తల వంచుకుని, “ఫర్వాలేదండీ,” అన్నాడు. అవతలివాళ్ళని క్షమించేశాడన్నమాట! ఇంటికి వచ్చేదాకా కారులో తనని తాను తిట్టుకుంటూనే ఉన్నాడు. ఆ తర్వాత కూడా మానలేదు.

ఆ మరునాడే, కొండ నుంచి తనతో తెచ్చేసుకున్న బోర్డుని రెండు చివరలా బల్లల మీద ఆనించి, మధ్యలో ఇరవై పౌండ్ల బియ్యం బస్తా పెట్టి ఎంత కుంగిందో కొలిచాడు. కొలవకపోయినా తెలుసు. 132 పౌండ్ల మనిషికి అమిరినట్టుండే బోర్డు అది. పనితనంలో వంక పెట్టడానికి లేదు. అదే అతన్ని మరీ కుంగదీసింది. చేతికి పని రాక జరిగిన తప్పయితే నేర్చుకుని దిద్దుకోవచ్చు. ఇది ఒక మనిషి రాసిచ్చిన మాటని నవ్వుతూ కొట్టేసిన తప్పు.

రెండు వారాలకోసారి ఉమని చూడ్డానికి వెళ్ళేవాడు. రష్మి చేసిన పప్పుచెక్కలు తీసుకెళ్ళేవాడు. వచ్చినవాళ్ళందరూ ఎలా పడ్డావని ఉమని అడుగుతుండేవారు. మొదట్లో బోర్డు వంగలేదన్న మనిషి, నెల తిరిగేసరికి, “నాదే పొరపాటండీ. జితేందర్ చెబుతూనే ఉన్నాడు, గట్టిగా తొక్కమని. భయపడ్డాను,” అనసాగింది. ఆ మాట వినబడినప్పుడల్లా పప్పుచెక్క అతని గొంతులో అడ్డం పడేది. అయినా మింగేవాడు, టీ అడిగి మరీ మింగేవాడు.

చివరికి ఒక ఉపాయం తోచింది. దొంగకి తోచినట్టే తోచింది. అదే పసుపు రంగు, అదే పొడుగు, అవే అంచులు, కాని 112 పౌండ్లకి సరిపడే పలచటి చెక్కతో ఇంకో బోర్డు చేశాడు. పక్కపక్కన పెడితే ఏది ఏదో అతనికే తెలియదు. చిన్న రిపేర్ చేశానని ఇచ్చేస్తే సరి. కాలు బాగయ్యాక ఆమె ఎక్కుతుంది, అది హాయిగా వంగుతుంది, నాకు భయం పోయిందనుకుంటుంది. తప్పూ దిద్దినట్టవుతుంది, పరువూ దక్కుతుంది. పామూ చావదు, కర్రా విరగదు.

రష్మి గరాజ్‌లోకి వచ్చి రెండు బోర్డులూ చూసింది. “చెప్తవా, చెప్పవా?” అని మాత్రం అంది. అతను పాత బోర్డు మీద గుడ్డ కప్పాడు.

ఏప్రిల్ మొదటి వారంలో ఉమే ఫోన్ చేసింది. “నా బోర్డు నీ దగ్గరే ఉంది కదా, ఎవరైనా అమ్మాయికి ఇచ్చెయ్యి. ఇక నా వల్ల కాదు.” జితేందర్ గాభరాగా కొత్త బోర్డు కారులో వేసుకుని ఐసెలిన్ వెళ్ళాడు.

ఆదివారం పదకొండు గంటలు. రాజగోపాల్ లోపల కాఫీ కలుపుతున్నాడు. ఉమ సోఫాలో కాలు చాపుకుని కూర్చుంది. చేతికర్ర పక్కన ఉంది.

“కొంచెం రిపేర్ చేసిన అక్కా. ఎడ్జ్ సరిచేసిన. ఇప్పుడు నీకు ఈజీగా ఉంటది. వచ్చే సీజన్ ఒక్కసారి ట్రై చెయ్యి,” అని బోర్డు ఆమె ముందు గోడకి ఆనించాడు.

ఆమె దాన్ని ముట్టుకోలేదు.

“బోర్డు సంగతి కాదు జితేందర్. డ్యూటీలో చేరి రెండు వారాలైంది. పసిపిల్లలకి మందు డోస్ లెక్క కడతాను కదా. ఇరవై రెండేళ్ళుగా చేస్తున్న పని. ఇప్పుడు ఒకసారి వేస్తాను, మళ్ళీ వేస్తాను, అయినా నమ్మకం కుదరదు. పక్కనున్న స్పందనని పిలిచి చూడమంటాను. నిన్న ఆ పిల్ల, మేడమ్ మీరు కరెక్టే వేశారు, ఎందుకు భయపడతారు అంది. ఏం చెప్పను? బోర్డు వంగట్లేదని నా కాళ్ళు నాకు చెప్పాయి. అది అబద్ధమైంది. నాకు తెలిసిందనుకున్నదే తెలియనప్పుడు, ఇంకేం నమ్మను?”

జితేందర్ ఇన్నాళ్ళూ ఒక ఎముక విరగ్గొట్టానని ఏడ్చుకున్నాడు. విరిగింది అదొక్కటే కాదని ఇప్పుడు తెలిసింది. ఇంకొక్క నిమిషం ఊరుకుంటే ఇక ఎప్పటికీ చెప్పలేనని కూడా తెలిసింది.

“నీ కాళ్ళు కరెక్టే చెప్పినయ్ అక్కా. బోర్డు వంగలే. నేనే వంగకుండ చేసిన.”

ఉమ అర్థం కానట్టు చూసింది.

“ఫారంల నువ్వు నూట పన్నెండు రాసినవ్. నేను నూట ముప్పై రెండుకి చేసిన.”

“ఎందుకు?”

అన్నిటికన్నా కష్టమైన ప్రశ్న అదే. అతను నేల చూపులు చూస్తూ చెప్పాడు. “తగ్గించి రాసినవనుకున్న. ఆడోళ్ళు… అట్లనే రాస్తరు గదా అనుకున్న. మల్ల అడగనీకి మొహమాటమైంది.”

ఆమె చాపిన కాలి వంక చూసుకుంది. తిడితే బాగుండునని అతను ఎదురు చూశాడు.

“జితేందర్, నేను చేసే పని నీకు తెలుసు కదా,” అంది చివరికి, గొంతు పెంచకుండానే. “బిడ్డ బరువు ఒక్క పౌండు తప్పు రాస్తే ఏమవుతుందో నాకు తెలిసినంత నీకు తెలుసా? నీ ఫారం రాసే ముందు మూడు రోజులు వరసగా పొద్దున్నే చూసుకుని, సగటు తీసి రాశాను.”

అతను గోడకి ఆనించిన బోర్డు చూపించాడు. “ఇది పాతది కాదక్కా. కొత్తది చేసిన. కరెక్ట్ బరువుకి. నూట పన్నెండుకి.”

ఉమ నవ్వింది. “రెండు నెలల పైన మంచం మీద కూర్చుని మీ ఆవిడ పప్పుచెక్కలు తిన్నాను. ఇప్పుడు నూట ఇరవై నాలుగున్నాను. నన్ను అడిగావా?”

అడగలేదు. మొదటిసారి అబద్ధమనుకుని అడగలేదు. రెండోసారి అబద్ధమాడటానికి అడగలేదు. జితేందర్ ఎదురుగా ఉన్న కుర్చీలో కూలబడ్డాడు.

“ఏమండీ, ఇలా రండి,” అని పిలిచింది ఉమ. రాజగోపాల్ కాఫీ కప్పులతో వచ్చాడు. “జితేందర్ మీకొక సంగతి చెప్పాలి. నాకు చెప్పినట్టే చెప్పు జితేందర్. ఒక్క ముక్క వదలకు.”

చెప్పాడు. 112 సంగతి, 132 సంగతి, లిఫ్టులో నువ్వు భయపడుతున్నావని తానన్న మాట, ఆస్పత్రిలో “ఫర్వాలేదండీ” అని తాను నోరు మూసుకున్న సంగతి. రాజగోపాల్ కప్పులు కింద పెట్టడం కూడా మరిచిపోయి నిలబడ్డాడు. కోపంగా నోరు తెరిచాడు, అంతలో భార్య వైపు చూసి మూసేశాడు. ఉమ అంతసేపూ జితేందర్‌ని చూడలేదు, మొగుడి ముఖమే చూస్తోంది. ఆయన కళ్ళు దించుకున్నాక గానీ ఆమె చూపు తిప్పుకోలేదు.

జితేందర్ లేచి బోర్డు చంకన పెట్టుకున్నాడు. గుమ్మం దాకా వెళ్ళి, ఆగి, వెనక్కి తిరిగాడు. క్షమించమని అడగడానికి అతనికి నోరు రాలేదు.

“అక్కా, ఇంకొకటి చెయ్యమంటవా? వద్దంటవా?”

ఉమ చేతికర్ర అందుకుని మెల్లగా లేచి నిలబడింది.

“ఇప్పటికి అడిగావు. నాకు తోచినప్పుడు నేనే చెబుతాను. అప్పటిదాకా చెక్క మీద చెయ్యి వెయ్యకు.”

“సరే అక్కా,” అన్నాడు. ఈసారి ఆమె ఏం చెబుతుందో ఊహించుకోవడానికి అతనికి ధైర్యం చాలలేదు.