పైనుంచి చూస్తే

గిన్నెలు తోముతుండగా కింద స్టూడియోలోంచి భర్త గొంతు మెట్ల మీదుగా పైకి వచ్చింది.

"ఎడిటింగా? దానిదేముందండీ, ఇంట్లోనే చేసేసుకుంటాం."

ఎవరో కొత్త కస్టమరు. ఆమె కుళాయి కట్టేసి ఒక్క క్షణం విన్నది. ‘ఇంట్లో’ అంటే ఎవరని అవతలి మనిషి అడగలేదు. ‘చేసేసుకుంటాం’ అన్న ఆ మాటలో ఎంతమంది ఉన్నారనీ అడగలేదు. ఎప్పుడూ ఎవరూ అడగరు. ఆమె మళ్లీ కుళాయి తిప్పింది.

కింద స్టూడియో, పైన ఇల్లు. కెమెరా భర్తది, ఎడిటింగు ఆమెది. కంప్యూటరును వంటింటికీ పడగ్గదికీ మధ్య ఉన్న నడవలో పెట్టించాడు. "వంట చూసుకుంటూ చేసుకోవచ్చు, నీకే సుఖం" అన్నాడు పెట్టించిన రోజున. ఆ సుఖం ఎలాంటిదంటే, ఎవరి పెళ్లికూతురో కన్నీళ్లు పెట్టుకుంటున్న చోట సరిగ్గా కత్తిరించబోతుంటే పొయ్యి మీద పాలు పొంగేవి. పాలు దించి వచ్చేసరికి ఆ కన్నీళ్లు ఎక్కడ మొదలయ్యాయో మళ్లీ మొదటినుంచి వెతుక్కోవాలి. భర్త చేతులు వణికిన చోట్లు, తలలు తెగిపోయిన చోట్లు, అసలు చూడాల్సిన మనిషిని వదిలేసి పూలదండల్ని తీసుకుంటూ పోయిన చోట్లు అన్నీ ఆమెకు కంఠతా వచ్చు. వాటన్నిటినీ కప్పిపుచ్చి, అతుకు కనబడకుండా అతికి, చివర్లో భర్త పేరు అందమైన అక్షరాల్లో వేసేది. అందరూ ఆయన కన్ను గొప్పదనేవారు. ఆయన వినయంగా నవ్వేవాడు.

ఆ వచ్చిన కస్టమరు సైకిలు క్లబ్బు సెక్రటరీ. ఊరి బయట కొత్తగా వేసిన రింగు రోడ్డు మీద పందేలు పెడుతున్నారట. ముందు ఆడవాళ్లది, తర్వాత మగవాళ్లది. అనుమతులన్నీ తామే తెస్తామని, డ్రోనుతో తియ్యాలని అడిగాడు. భర్త దగ్గర డ్రోను ఉంది. పెళ్లి మండపం మీద నిటారుగా లేపి, ఒకసారి చుట్టూ చూపించి దించడం ఆయనకు వచ్చు. కదిలేవాటిని తియ్యడం రాదు. ఆ సంగతి ఆయనకు తెలియదు.

సాధన కోసం రోడ్డు మీద పోయేవాళ్లను డ్రోనుతో తీసి, తెచ్చి కంప్యూటర్లో వెయ్యమన్నాడు. ఏ ముక్క చూసినా ఒకటే వరస. మనిషి ఫ్రేములో ఉంటాడు, అంచుకు జరుగుతాడు, మాయమవుతాడు. ఖాళీ రోడ్డు. గాభరాగా అటూ ఇటూ ఊగే ఆకాశం. మళ్లీ ఖాళీ రోడ్డు. ఆమె రెండోసారి చూస్తున్నప్పుడే విషయం పట్టుకుంది.

"మీరు మనిషి ఉన్న చోటికి వెళ్తున్నారండీ. మీరు వెళ్లేసరికి అతను అక్కడుండడు. ఎటు పోతాడో చూసి ముందే అటు జరగాలి."

"కుర్చీలో కూర్చుని చెప్పడం తేలికే" అన్నాడాయన చెప్పులు విడుస్తూ. "టీ పెట్టు."

టీ పెట్టింది. కానీ ఆ మాట లోపల ముల్లులా ఉండిపోయింది. కుర్చీలో కూర్చున్నది నిజమే. కూర్చోబెట్టిందెవరు? మర్నాడు ఆయన కింద పాస్‌పోర్టు ఫోటోలు తీస్తుండగా డ్రోను పెట్టె తీసుకుని ఇంటి వెనక ఖాళీ స్థలంలోకి వెళ్లింది.

మొదట్లో అది ఆమె మాట ఎంతమాత్రం వినలేదు. రిమోటు మీదున్న రెండు పుల్లల్లో ఒకటి లేపడానికీ తిప్పడానికీ, రెండోది ముందుకూ పక్కకూ జరపడానికి. చదివినప్పుడు ఇంతేనా అనిపించింది. ఎగరేశాక, డ్రోను తనవైపు ముఖం తిప్పగానే కుడి ఎడమైంది, ఎడమ కుడైంది. గోడకు దూరంగా జరపాలనుకుని నేరుగా గోడకే కొట్టింది. ఒక రెక్క విరిగింది. దాచలేదు, సాయంత్రం చెప్పింది. భర్త అరవలేదు. అరవడం ఆయన పద్ధతి కాదు. కింద ఎవరో స్నేహితులుంటే వాళ్ల ముందు నవ్వుతూ, "మా ఆవిడ పైలట్ అయింది, ఇక ఇంటి పైకప్పుకు మనమే బీమా కట్టుకోవాలి" అన్నాడు. వాళ్లు నవ్వారు. ఆమె టీ కప్పులు పెట్టి వచ్చేసింది. కొత్త రెక్క బిగించుకుని మర్నాడు మళ్లీ వెళ్లింది.

ఆ రోజుల్లో ఆమెకు కాలు ఒకచోట నిలవలేదు. కూర తరుగుతుంటే బొటనవేళ్లు వాటంతటవే కదిలేవి. బట్టలు ఆరేస్తూ ఆరేస్తూ రోడ్డు మీద పోయే పాలవాడి సైకిలును చూసి, మలుపు దగ్గర నెమ్మదిస్తాడు, ఇప్పుడే కిందకు దిగాలి అనుకునేది. డ్రోనుతో కుక్కల వెంట పోయింది, ఇస్త్రీ బండి వెంట పోయింది. దానంతటదే వెంబడించే ఏర్పాటు డ్రోనులోనే ఉంది కానీ, చెట్టు నీడ పడగానే అది మనిషిని వదిలేసి పక్కనున్న ఆటో వెంట పడేది. దాన్ని నమ్ముకుని లాభం లేదని చేత్తోనే నేర్చుకుంది. నిద్రలో కూడా ఏదో కదిలిపోతున్నట్టూ తను అందుకోలేకపోతున్నట్టూ ఉండేది.

సాధనకు చివరికి దొరికిన మంచి మనిషి అత్తగారే. డాక్టరు నడవమన్నాడని ఆవిడ సాయంత్రాలు వీధి చివరి దాకా వెళ్లి వస్తుంది. కోడలు ఆవిడ వెంట డ్రోనును పంపింది. మొదటి రోజు అత్తగారు ఆగి, తలెత్తి, కొంగు నెత్తిన కప్పుకుని విసవిసా ఇంట్లోకొచ్చేసింది.

"ఏమిటమ్మా అది, ఈగలా వెంటబడుతోంది?"

"మీరే, అత్తయ్యా. రండి, చూడండి."

అత్తగారు కంప్యూటరు ముందు కూర్చుని తనను తాను పైనుంచి చూసుకుంది.

"ఇంత గబగబా నడుస్తానా నేను? నడుము నొప్పన్న మనిషినేనా?"

"అవును. మిమ్మల్ని అందుకోవడం కష్టమే."

"మీ మామయ్యగారి వెనక నడిచీ నడిచీ వచ్చింది ఆ అలవాటు" అంది ఆవిడ. "ఆయన వెనక్కి తిరిగి చూసేవారు కాదు. మనమే అందుకోవాలి." కుర్చీలోంచి లేస్తూ, "రేపు నెమ్మదిగా నడుస్తాలే, నీకు వీలుగా ఉంటుంది" అంది.

"వద్దత్తయ్యా, అలాగే నడవండి."

పందెం రోజున భర్త మోటారుసైకిలు వెనక కూర్చుని పెద్ద కెమెరాతో తీస్తానన్నాడు. డ్రోను ఎగరెయ్యడానికి ఎవరో ఒకరు ఉండాలి కాబట్టి ఆమెను తీసుకెళ్లాడు. రింగు రోడ్డు పక్కన సగం కట్టి వదిలేసిన భవనం ఒకటుంది. దాని డాబా మీద నిలబడితే రోడ్డంతా కనబడుతుంది. "బ్యాటరీలు మూడే ఉన్నాయి, చార్జింగుకు ఇక్కడ దిక్కులేదు" అని గట్టిగా చెప్పాడు. "ఆడవాళ్ల రేసు ఒకసారి అలా లేపి ఓ ముక్క తియ్యి, చాలు. మిగతాదంతా మగాళ్లకు. ముఖ్యంగా ముగింపు. తెలివితేటలు చూపించకు."

సరేనంది. నిజంగానే సరే అనుకుంది.

ఆడవాళ్ల పందెం మొదలైంది. గుంపు మీదికి లేపింది. హెల్మెట్లు, వంగిన వీపులు, రంగురంగుల చొక్కాలు ఒకే ప్రాణిలా కదులుతున్నాయి. ఓ ముక్క వచ్చింది. ఇక దించాలి. అప్పుడు గుంపులోంచి నీలం చొక్కా అమ్మాయి ఒకతి పక్కకు జరిగింది. హెల్మెట్ కిందనుంచి పొడుగాటి జడ వీపు మీద అటూ ఇటూ కొట్టుకుంటోంది. ఆమె వేళ్లు ఆ అమ్మాయి కంటే ముందే ఎడమకు జరిగాయి. అమ్మాయి సరిగ్గా అక్కడికే వచ్చింది. ఎదురుగాలిలో పెడలు మీద లేచి నిలబడి తొక్కుతోంది. డ్రోను కిందికి దిగి అమ్మాయి పక్కనే, అమ్మాయి వేగంతోనే, ఆ నీడకూ అమ్మాయికీ మధ్యలో పరుగెత్తింది. ఎక్కడా వణకలేదు. తెర మీద రోడ్డు కరిగిపోతోంది, అమ్మాయి మాత్రం నిలకడగా ఉంది. మలుపులో కావాలనే అమ్మాయిని ఫ్రేములోంచి వెళ్లనిచ్చింది. ఖాళీ రోడ్డు మీద ఊపిరి బిగబట్టి ఆగింది. వెనక తరుముకొస్తున్న గుంపు ఒక్కసారిగా తెరను నింపేసింది. డాబా మీద ఆమె ఒక్కతే గట్టిగా నవ్వింది. అలా నవ్వి ఎన్నాళ్లయిందో.

రిమోటు కుయ్‌కుయ్‌మంది. దించింది. రెండో బ్యాటరీ పెట్టింది. భర్త మాట గుర్తులేక కాదు. గుర్తుంది. పెట్టింది. మూడోది కూడా సగం అయ్యాక జడ అమ్మాయి ముగింపు గీత దాటింది.

మగవాళ్ల పందెంలో, ఇంకో చుట్టుందనగా బ్యాటరీ అయిపోవచ్చి, డ్రోను గెలవబోయేవాణ్ణి వదిలేసి తనంతట తానే వెనక్కి తిరిగి డాబా మీదికి వచ్చి వాలింది.

"ముగింపు వచ్చిందా?" అని కిందనుంచి భర్త కేకేశాడు.

"రాలేదు" అంది.

ఇంటికొచ్చాక ఆయన, "నీకు అప్పజెప్పడం నాదే బుద్ధితక్కువ. సరదా తీర్చుకోవడానికి నా పనే దొరికిందా?" అన్నాడు. ఆయనన్న దాంట్లో సగం నిజం. ఒప్పుకున్న పని చెడగొట్టింది. ఆ సగం నిజమే రెండ్రోజులపాటు ఆమెను కుదురుగా ఉండనివ్వలేదు.

మూడోరోజు ఆయన వచ్చి నడవలో ఆమె వెనక నిలబడి జడ అమ్మాయి ముక్కలన్నీ చూశాడు. మలుపు దగ్గర ఆయన ఊపిరి కూడా ఆగడం ఆమెకు వినబడింది.

"బాగానే వచ్చింది" అన్నాడు. "ఒక పని చెయ్యి. ఇది తీసి మగాళ్ల రేసులో కలిపెయ్. పైనుంచి చూస్తే ఆడో మగో ఎవరికి తెలుస్తుంది? అందరికీ అవే టోపీలు. గెలిచినవాడి చొక్కా కూడా నీలమే. జడ కనబడే చోట కత్తిరించు."

ఆయన కిందికి వెళ్లిపోయాడు. ఆమె కలిపింది. చేతులకు అలవాటైన పని, అవి ఆగి అడగవు. మోటారుసైకిలు మీదనుంచి గెలిచినవాడి ముఖం, వెంటనే పైనుంచి అమ్మాయి వీపు, మళ్లీ అతని కాళ్లు, మళ్లీ అమ్మాయి మలుపు, గీత దాటుతూ అతని చేతులు. రంగు సరిచేసింది. నీడలు ఒకే పొద్దులోవిగా కుదిరాయి. వేసి చూసుకుంటే అతుకు ఎక్కడుందో ఆమెకే పట్టుబడలేదు. ఎంత బాగా కుదిరిందో అని మురిసింది కూడా.

ఆ మురిపెం మధ్యలో, అమ్మాయి పెడలు మీద లేచి నిలబడే చోటు వచ్చింది. అంత కష్టమూ అమ్మాయిది. తెర మీద అది ఇంకొకడి గెలుపు. కుర్చీలోంచి లేచింది. వంటింట్లోకి వెళ్లి మంచినీళ్లు తాగింది. బాల్కనీలోకి వెళ్లింది, వచ్చింది. అత్తగారు "ఏం పోయిందమ్మా, వెతుకుతున్నావు?" అనడిగింది. "ఏం లేదత్తయ్యా" అని మళ్లీ కూర్చుని, వేసిన అతుకులన్నీ ఒక్కొక్కటే విప్పేసింది. అమ్మాయి పందేన్ని అమ్మాయికి ఇచ్చేసింది, జడతో సహా, మొదటినుంచి చివరిదాకా. మగవాళ్ల ముగింపు మోటారుసైకిలు మీదనుంచి వచ్చినంతే పెట్టింది.

"అయిందా?" అనడిగాడు భర్త.

"అయింది."

ఆయన ఎప్పటిలాగే మొదటి కొద్దిసేపు చూసి, కాపీ తీసుకుని వెళ్లాడు.

ఆదివారం క్లబ్బు హాల్లో వేశారు. ముందు వరసల్లో సైకిళ్లవాళ్లు, వాళ్ల ఇళ్లవాళ్లు. ఆమె వెనక గోడ పక్కన కూర్చుంది. నీలం చొక్కా గుంపులోంచి జరిగినప్పుడు హాల్లో గుసగుసలు ఆగిపోయాయి. మలుపు దగ్గర ఎవరో అమ్మాయి "అమ్మో" అంది మెల్లగా. తర్వాత మగవాళ్ల పందెం వచ్చింది, అయిపోయింది. లైట్లు వేశాక సెక్రటరీ లేచాడు. ముఖం చిట్లించుకుని ఉన్నాడు.

"ఇదేంటండీ, అసలు రేసు ముగింపు పైనుంచి లేనే లేదు. సగం సినిమా ఆడపిల్లలదే ఉంది. డ్రోను ఎవరు ఎగరేశారు?"

భర్త కుర్చీలోంచి గబుక్కున లేచాడు.

"సార్, నా తప్పేం లేదండీ. డ్రోను ఎగరేసింది మా ఆవిడ. ఎడిటింగు కూడా మొత్తం ఆవిడే. నేను చెయ్యి కూడా పెట్టలేదు."

ఇన్నేళ్లలో ఆయన నలుగురిలో ఆ మాట అనడం అదే మొదలు. ముందు వరసల్లోని తలలన్నీ ఒక్కొక్కటిగా వెనక్కి తిరిగాయి. ఆమె లేచి నిలబడింది.

"అవునండీ, నేనే. మగవాళ్ల ముగింపు పోవడం నా పొరపాటే. అందులో వంకలేం లేవు. మిగతాదంతా కూడా నేనే."

జడ అమ్మాయి అప్పటికే కుర్చీల మధ్యనుంచి దారి చేసుకుంటూ వస్తోంది. దగ్గరికొచ్చి, "అక్కా, ఆరోజు పక్కన ఏదో వస్తోందని తెలుసు. తల తిప్పితే పడిపోతానని చూళ్లేదు. ఎవరో తోడొస్తున్నట్టే ఉండింది" అంది. ఆ వెనకే వాళ్ల కోచ్, నెరిసిన జుట్టావిడ, వచ్చింది. ఆడపిల్లల జట్టుకు తమ దగ్గరా ఒక డ్రోను ఉందని, ఎవరికీ చేతకాక పెట్టెలోనే పడి ఉందని, సాధన వీడియోలు తీసి చూపిస్తే పిల్లలు తమ తప్పులు దిద్దుకుంటారని చెప్పింది. జీతం మాట కూడా తనే ఎత్తింది. ఆ డ్రోనును ఎప్పుడు చూస్తారని అడిగింది.

బయట భర్త బండి స్టార్టు చేసి ఉంచాడు. హారన్ కొట్టాడు. ఆమె గుమ్మం దాకా వచ్చింది.

"ఎక్కు" అన్నాడు ఆమె ముఖంలోకి చూడకుండా. "అమ్మ భోజనం వేళ దాటిపోతోంది."

"వంట చేసే వచ్చాను. మీరు వెళ్లి వడ్డించండి" అంది ఆమె. "నాకిక్కడ పని ఉంది."