ఏడింటి బస్సుకి నాలుగో చరణం

అబిగయీలు పాటలో ఒక్క మాట మార్చాలంటే ముందు అబిగయీలుని మార్చాలి. అది ఎవరివల్లా కాలేదు, కనక పాటలూ మారలేదు. ఆ మధ్య ఒక సినిమా సంగీత దర్శకుడు ఆమెను పిలిచి, "ఉప్పుగాలి అంటే జనానికి ఎక్కదమ్మా, పూలగాలి అని పెట్టు" అన్నాడు. ఈ మహాతల్లి గిటారు సంచిలో పెట్టుకుంటూ, "మా మైపాడులో పూలగాలి వీచదు సార్. కావాలంటే చేపల గాలి పెడతాను" అని లేచి వచ్చేసింది. ఆయన తెప్పించిన కాఫీ కూడా తాగలేదు.

ఆమెకి ఇరవై తొమ్మిదేళ్ళు. పద్నాలుగో ఏట చర్చిలో మూల పడి ఉన్న గిటారుకి తీగలు వేయించుకుని నేర్చుకుంది. నెల్లూరులో డిగ్రీ, ముత్తుకూరులో ఒక కంపెనీ ఆఫీసులో రెండేళ్ళ ఉద్యోగం, తర్వాత హైదరాబాదు. అక్కడ ముగ్గురు కుర్రాళ్ళతో రాక్ బ్యాండు కట్టింది. సొంత మాటలు, సొంత బాణీలు, నెత్తిన ఎవరి పెత్తనమూ లేదు. వినేవాళ్ళూ పెద్దగా లేరనుకోండి, అది వేరే సంగతి. కెఫేల్లో పాడుతుంటే నలుగురు తలలూపేవాళ్ళు, ఆ నలుగురిలో ఇద్దరు ఫోను చూసుకుంటూ ఊపేవాళ్ళు. ఇంతలో డ్రమ్ములవాడికి పెళ్ళయింది, బేస్ గిటారువాడికి పుణేలో ఉద్యోగం వచ్చింది, మూడోవాడు చెప్పకుండానే మానేశాడు. బ్యాండు విడిపోయి, మూడేళ్ళ కిందట ఒక వానరోజు ఇంటికొచ్చినప్పుడు రాసుకున్నదే 'ఏడింటి బస్సు'. ఆమె పాటల్లో కాస్త పదిమందికి తెలిసింది అదొక్కటే.

ఏడింటి బస్సు దిగాను, ఎవరూ లేరు
ఉప్పుగాలి తప్ప నన్ను పిలిచేదెవరు?

మూడు చరణాలూ ఇదే ఏడుపు. మూడోదైతే మరీను. ఊళ్ళో ఒక్క దీపమైనా తన కోసం వెలగలేదంటుంది, నడిచినంత దూరం తన అడుగుల చప్పుడే తనకు తోడంటుంది. అక్కడితో గిటారు టక్కున ఆగిపోతుంది. హైదరాబాదు పిల్లలు ఆ ఆగడం దగ్గర గుండె మీద చెయ్యేసుకునేవాళ్ళు.

ఈ ఏడాది ఆమె ఒక నిర్ణయానికి వచ్చింది. హైదరాబాదులో జరిగే పెద్ద సంగీతోత్సవంలో ఒక్క అవకాశం మిగిలింది. అది దొరికితే సరే, లేకపోతే సోమవారం ముత్తుకూరు ఆఫీసులో మళ్ళీ చేరిపోవడం, గిటారు అటక మీద పెట్టేయడం. ఉత్సవానికి పాటగాళ్ళని ఎంచే నరేంద్రబాబు ఫోన్లో సూటిగానే చెప్పాడు.

"జనం ముందు పాడిన వీడియో కావాలండీ. వాళ్ళూ మీతో గొంతు కలపాలి. పాటలో ప్రతి మాటా మీరే రాసి ఉండాలి, అది రూలు. ఆదివారం సాయంత్రం ఆరులోపు పంపండి."

మాటల సంగతి సరే, జనాన్ని ఎక్కణ్ణుంచి తేవాలి? అబిగయీలు మైపాడు వచ్చి తల్లి దగ్గర కూర్చుంది. తల్లి కరుణాకుమారి భర్త పోయినప్పటి నుంచీ కుట్టుమిషను తొక్కి బిడ్డని పెంచిన మనిషి, చర్చిలో స్త్రీల సమాజానికి పెద్ద. కూతురి పాటల గురించి ఏనాడూ మంచీ చెడ్డా అనలేదు.

"జనం గావాలా? ఎంతమంది?" అంది మిషను ఆపకుండానే.

"యాభై మంది. పాట వచ్చుండాలమ్మా."

"నేర్చుకుంటారులే. పాట కాయితం మీద రాసియ్యి. గురువారం కూడికలో చెప్పిస్తా."

పాస్టరుగారు ఆ కాగితం రెండుసార్లు చదివి, "చెడ్డమాట ఏమీ లేదు, బస్సు సంగతే గదా" అని సెలవిచ్చారు. గురువారంనాడు అబిగయీలు ఊళ్ళో లేదు, ఆంప్లిఫయరు బాగుచేయించడానికి నెల్లూరు వెళ్ళింది. అక్కడే కొంప మునిగింది.

శనివారం సాయంత్రం ఐదింటికి ఇసుకలో, ఒడ్డుకు లాగిన పడవల మధ్య మైకులు పెట్టారు. ఊళ్ళో పెళ్ళి వీడియోలు తీసే జడ్సన్ రెండు కెమెరాలు బిగించాడు. ఆడవాళ్ళు తెల్లచీరలు కట్టుకుని, చేతిరాత పాటల పుస్తకాలు పట్టుకుని యాభై ఏడుమంది వచ్చారు. పల్లవి ఎత్తుకోగానే అబిగయీలుకి ఒళ్ళు జలదరించింది. అవేం గొంతులండీ బాబూ! రేవులో చేపల వేలం వేసే సామ్రాజ్యం ఒక్కతే నాలుగు స్పీకర్ల పెట్టు. 'ఎవరూ లేరు' అని అంతమంది కలిసి పాడుతుంటే సముద్రం కూడా కాస్త వెనక్కి తగ్గినట్టుంది. అయిపోయింది, ఉత్సవం నాదే అనుకుంది అబిగయీలు.

మూడో చరణం అయింది. గిటారు టక్కున ఆపింది. ఇప్పుడు నిశ్శబ్దం ఉండాలి.

సామ్రాజ్యం గొంతు లేచింది. దాని వెనక యాభై ఆరు గొంతులూ లేచాయి. ఏదో కొత్త చరణం! అబిగయీలు చేతులు రెండూ పైకెత్తి ఆపమని ఊపింది. తాళం వేస్తోందనుకుని వాళ్ళు ఇంకా గట్టిగా అందుకున్నారు, కొందరు చప్పట్లు కూడా కలిపారు. ఆమె చెవుల్లో రక్తం హోరెత్తి, వాళ్ళు ఏం పాడుతున్నారో ఒక్క ముక్క ఎక్కలేదు.

ఆ సమాజానికి ఒక పద్ధతి ఉంది. ఎవరు పాట తెచ్చినా నేర్చుకుంటారు. కానీ దుఃఖంతో ముగిసే పాటని అలా ఒదిలిపెట్టరు. అది సగం పాటని వాళ్ళ లెక్క. ఎవరో ఒకరు చివర ఓదార్పుగా ఒక ఆదరణ చరణం కట్టి అతికించాల్సిందే. అబిగయీలు చిన్నప్పటి నుంచీ చూసిందే. అయినా రాక్ పాటకి కూడా కడతారని ఎవరనుకుంటారు?

"ఎవరు రాశారు? నా పాటలో చెయ్యి పెట్టమని ఎవరు చెప్పారు మీకు?" అని మైకు ఆపడం కూడా మరిచిపోయి అరిచింది.

"ఏందిమే, ఆడబిడ్డని వానలో రోడ్డు మీద ఒదిలేసి మమ్మల్ని ఇండ్లకి పొమ్మంటావా?" అంది సామ్రాజ్యం. "ఎవురు కట్టినా సమాజం కట్టినట్టే. బాగలేదా ఏంది?"

కరుణాకుమారి మాత్రం ఇసుకలో పరిచిన పట్టాలు దులుపుకుంటూ ఉండిపోయింది.

ఆదివారం సాయంత్రం ఐదున్నరకి అబిగయీలు మూతి ముడుచుకుని జడ్సన్ స్టూడియోకి వెళ్ళింది. బస్టాపు ఎదురుగానే ఉంటుంది అది. పనల్లా ఒక్కటే, మూడో చరణం దగ్గర కత్తిరించి పంపేయడం.

"యాడ కట్ చెయ్యాలో హెడ్‌ఫోన్ పెట్టుకోని చెప్పక్కా" అన్నాడు జడ్సన్.

పెట్టుకుంది. మూడో చరణం దాటి బొమ్మ ముందుకు పోయింది. ఈసారి మాటలు వినిపించాయి.

బడ్డీకొట్టు చాటున నిలబడ్డదెవరు?
తడిసిన కొంగు కప్పుకుని చూసినదెవరు?
నడిచినంత దూరం వెనకే నడిచినదెవరు?
తిడతావని భయపడి పలకనిదెవరు?
ఏడింటి బస్సు దిగావు, ఎవరూ లేరా?

అబిగయీలు హెడ్‌ఫోన్ తీసి చేతిలో పట్టుకుంది. "ఇదెవరి గురించి?" అంది, తెలిసి కూడా.

"నీకు తెలవదా?" జడ్సన్ విస్తుపోయాడు. "అప్పుడు రేపో మాపో వస్తానని ఫోన్లో చెప్పినావంట గదా. కరుణమ్మత్త నాలుగు దినాలు ఆ బస్సుకి వచ్చి నిలబడింది. వానలో నిలబడబాకత్తా, లోపలికి రా అని నేనే పిలిచినా. బిడ్డకి కనపడతానని రాలేదు."

డిగ్రీ మొదటి ఏడాది ఒకసారి అమ్మ గొడుగు తీసుకుని బస్టాపుకి వచ్చింది. స్నేహితుల ముందు, "నేనేమన్నా చిన్నపిల్లనా? ఇంకోసారి ఇట్టా వస్తే ఊరుకోను" అని ఎగిరింది తను. ఆ తర్వాత అమ్మ మళ్ళీ రాలేదు. రాలేదని మూడేళ్ళుగా హైదరాబాదంతా పాడుకుంటూ తిరిగింది, జనం చేత గుండెల మీద చేతులు వేయించుకుంది. సిగ్గేసింది. ఆ వెంటనే ఏడుపొచ్చింది. జడ్సన్ ఫ్యాను పెద్దది చేసి, చూడనట్టు కెమెరా తుడుచుకున్నాడు.

"ఐదుమ్ముక్కాలైంది అక్కా. కట్ యాడ?"

"ఎక్కడా లేదు. మొత్తం పంపించు."

రూలు ఆమెకి తెలియక కాదు. ముత్తుకూరు ఆఫీసు గుర్తులేకా కాదు. అయినా వీడియో కింద సొంతంగా టైపు చేసింది: "మూడు చరణాలు అబిగయీలు. నాలుగోది కరుణాకుమారి. అది తీసేస్తే నా పాట అబద్ధం." పంపాక ఇంటికి వెళ్ళి, రేపటికి చీర ఇస్త్రీ చేసుకుంది.

సోమవారం పొద్దున తల్లి క్యారేజీ కడుతుండగా నరేంద్రబాబు ఫోన్ చేశాడు.

"మీరు రూలు తప్పారండీ."

"తెలుసు సార్."

"ముగ్గురం కూర్చుని విన్నాం. ఒకాయన కుదరదన్నాడు. మిగతా ఇద్దరం బయటికెళ్ళి ఇంటికి ఫోన్ చేసుకొచ్చాం." ఆయన గొంతు సవరించుకున్నాడు. "మధ్యాహ్నం రెండింటికి పాడే అవకాశం ఇస్తున్నాం, మంచి ఎండ. ఆ చివరి చరణం రాసినావిడ కూడా రావాలి."

అబిగయీలు ఫోన్ పెట్టేసి, సంగతి చెప్పి, అమ్మ చేతిలోంచి క్యారేజీ లాక్కుని కింద పెట్టింది. కరుణాకుమారి ఆనందం మొహంలో కనపడనీయకుండా, "గురువారం గాకుండా చూడమను, కూడికుంటది" అంది.

"ఆరోజు ఎందుకు పలకలేదమ్మా? తిట్టినా తిట్టేదాన్ని, కలిసి ఇంటికొచ్చేవాళ్ళం గదా" అంది కూతురు.

"పలికుంటే నువ్వా పాట రాసుంటావా?" అని కరుణాకుమారి మళ్ళీ మిషను ముందు కూర్చుంది. "రాయకపోయుంటే నువ్వంత ఎదురుజూసినావని నాకెట్టా తెలిసేది?"