పురుగుల్ని తినే నాలుగో మొక్క

గాలయ్య చేయి పడితే ఎండుపుల్ల కూడా చిగురిస్తుందని నల్లగొండ ఆడపిల్లల బడిలో పేరు. ఆ తోటమాలికి ఆ పేరంటే ప్రాణం. అలాంటిది, పదిహేను రోజుల్లో ఆయన చేతిలో మూడు మొక్కలు చచ్చాయి.

సైన్సు చెప్పే మంజులత కొల్లాపూర్ అడవిలో, నీరూరే బండ పక్కనుంచి తెచ్చిన మొక్కలవి. బొటనవేలంత మొక్క, ఎర్రటి ఆకుల నిండా జిగురు బొట్లు. పురుగు వాలితే అంటుకుపోతుంది, ఆకు మెల్లగా ముడుచుకుని తినేస్తుంది. నెలాఖరుకు ఇన్‌స్పెక్టర్ వచ్చినప్పుడు పిల్లలు దాన్ని చూపించాలి.

దూరం నుంచి వచ్చింది పాపమని గాలయ్య మొదటిదానికి గొర్రె ఎరువు దండిగా వేశాడు. అది మాడిపోయింది. మాంసం తినేదే కదా అని రెండోదానికి యాటమాంసం తునక పెట్టాడు. ఆకుతోపాటు మొక్కా కుళ్ళింది. మూడోదానికి పూటపూటా బడి బావి నీళ్ళు పోశాడు. మట్టిమీద తెల్లగా ఉప్పు పేరి, అదీ పోయింది.

"అడవి మొక్కలు గంతే పంతులమ్మా" అన్నాడు. ఆమె నమ్మింది. అదే ఆయన్ను ఎక్కువ బాధపెట్టింది.

నాలుగోదాన్ని కుండీతో సహా ఇంటికి మోసుకొచ్చి, అన్నం ముట్టకుండా కూర్చున్నాడు. భార్య హనుమమ్మ సంగతంతా విని ఎగాదిగా చూసింది.

"గా బాయి నీళ్ళల్ల పప్పే ఉడకదు. గింతంత మొక్క ఎట్ల బతుకుతదయ్యా?"

పప్పు కోసమని ఆమె గాబులో వాననీళ్ళు పట్టి దాచుకుంటుంది. అందులోంచి చెంబెడు ముంచి ఇచ్చింది.

"అల్లుడొచ్చినట్టు మర్యాదలు చెయ్యకు. జర ఊకె ఉండు."

ఊరికే ఉండటం గాలయ్యకు చేతకాని పని. ఎరువు మట్టి తీసేసి ఇసుక నింపాడు. రోజూ వాననీళ్ళు పోసి, ఎండలో పెట్టి, చేతులు కట్టుకున్నాడు. ఎనిమిదోనాడు ఆకులమీద జిగురు బొట్లు మళ్ళీ మెరిశాయి. సంతోషంతో ఆయన కళ్ళు చెమర్చాయి.

నెలాఖరున ఇన్‌స్పెక్టర్ కళ్ళముందే ఒక దోమ ఆకుకు అంటుకుంది. పిల్లలు చప్పట్లు కొట్టారు.

"ఏం ఎరువు వేశావయ్యా?" అన్నాడాయన.

గాలయ్య మంజులత వైపు చూశాడు.

"ఏం వెయ్యలే సారు. ఏం వెయ్యకుండ ఉండుడు నేర్సుకోనీకి మూడు మొక్కలను సంపిన. తప్పు నాదే, పంతులమ్మా."

మంజులత నవ్వేసింది. "వచ్చే వానలకు ఇంకో నాలుగు తెస్త. నువ్వే సాకాలె."

ఆ సాయంత్రం కంచంలో పప్పు ఉడకక పలుకులు పలుకులుగా ఉంది.

"నీళ్ళన్నీ నీ మొక్కనే తాగింది" అంది హనుమమ్మ.

గాలయ్య నమిలి మింగి, మళ్ళీ వడ్డించమని కంచం ముందుకు జరిపాడు.