చీమలపుట్టకు క్షమాపణ

బాబు పుట్టినప్పట్నుంచీ నాకు నిద్ర లేదు. నేను రెప్ప వేస్తే వాడి ఊపిరి ఆగిపోతుందని భయం. పోనుపోను లోపల ఇంకో మాట మొదలైంది, నేను లేకపోతేనే వాడు బాగుంటాడని. అది ఎవరికీ చెప్పలేదు.

నిద్ర సంగతి విని అత్తమ్మ నన్ను సేపా అవ్వ దగ్గరికి తీసుకెళ్ళింది. మా బరంగాయ్‌లో, అంటే మా పేటలో, దిష్టీ గాలీ చూసేది ఆవిడే. కొవ్వొత్తి మైనం నీళ్ళలో చుక్కలు వేసి, ఆ ముద్దకి ఏ ఆకారం వచ్చిందో చూసింది.

"పుట్ట తొక్కావు. లోపల కనబడకుండా ఉండే ముసలాయనకి కోపమొచ్చింది. వెళ్ళి క్షమించమని అడుగు."

"ఏ పుట్ట అవ్వా?"

"తొక్కింది నువ్వు. నన్నడుగుతావేం?"

దాంతో కనబడిన ప్రతి పుట్టకూ క్షమాపణలు మొదలెట్టాం. అత్తమ్మ ఉప్పు లేని అన్నం, ఒక సిగరెట్టు పెట్టేది. మా ఆయన ఎల్మెర్ పెళ్ళిచొక్కా తొడుక్కుని నిలబడేవాడు.

"వంగరా. ఆయన పొట్టివాడు, అంత ఎత్తునుంచి చెప్తే వినబడదు."

"వంగితే చీమలు కుడుతున్నాయమ్మా."

"కుట్టాయంటే విన్నట్టే."

పక్కింటి కోరా అలిగింది. "మా పెరట్లో పుట్టకేం తక్కువ? దాన్ని దాటేసి పోతున్నారు?" దానికీ చెప్పాం.

అక్కడే, క్షమించమని అనబోతే నా నోట్లోంచి వేరే మాట వచ్చింది. "నేను లేకపోతేనే బాబుకి మంచిది తాతా."

 అత్తమ్మ నా చెయ్యి పట్టుకుని సేపా అవ్వ ఇంటికి లాక్కెళ్ళింది. ఆవిడ ఆరోగ్య కేంద్రానికి వెళ్ళిందన్నారు. అక్కడికే పోయాం. బల్లమీద, వరసలో కూర్చునుంది.

"నువ్విక్కడేంటి సేపా?"

"గురువారం మనసు డాక్టరమ్మ వస్తుంది. మా ఆయన పోయాక నేనూ మందు వాడుతున్నా."

"మరి నీ కొవ్వొత్తి?"

"నాకు నేను చూసుకుంటే మైనం ఎప్పుడూ బాతులాగే పడుతుంది."

అత్తమ్మ నా మాట ఆవిడ చెవిలో చెప్పింది. అవ్వ ముఖం మారింది. "నాతో నిద్ర లేదనే అన్నావు కదే పిల్లా. ఈ మాటకి నా దగ్గర మైనం లేదు. ముందు నువ్వు లోపలికెళ్ళు." వరసంతా జరిగి దారిచ్చింది.

డాక్టరమ్మకి అంతా చెప్పాను. ఆవిడ అత్తమ్మని లోపలికి పిలిచింది.

"కొన్నాళ్ళు ఈమెని ఒంటరిగా వదలొద్దు."

"మా ఇంట్లో ఒంటరిగా ఉండడమా? ప్రశాంతంగా స్నానం చెయ్యడం కూడా కుదరదమ్మా."

"మంచిది. ఇప్పటికి అలాగే ఉండనివ్వండి," అని మందు రాసింది.